పండ్ల ఈగల పరిశోధనకు ఏ పీజీ మేలు?

ప్రశ్న: డిగ్రీలో జంతుశాస్త్రం చివరి సంవత్సరం చదువుతున్నాను. కణాల పరిమాణాన్ని జన్యువులు ఎలా నియంత్రిస్తాయన్న దానిపై పండ్ల ఈగలతో పరిశోధన చేయాలని ఉంది. పీజీలో జన్యుశాస్త్రం తీసుకోవాలా, జీవరసాయన శాస్త్రమా? ఈగలపై నేర్చుకున్నది తర్వాత పనికొస్తుందా?

జవాబు: మీ అంశం ఈ రెండు శాస్త్రాలూ కలిసే చోట ఉంది కాబట్టి, ఏది ఎంచుకున్నా రెండోదాన్ని విడిచిపెట్టే వీలు లేదు. ఎస్‌6 కైనేజ్ అనే ఎంజైమ్‌కు చెందిన జన్యువు లేని ఈగల్లో కణాల సంఖ్య తగ్గకుండా ఒక్కో కణం పరిమాణం మాత్రమే తగ్గుతుందని 1999లో తేలింది. అదే ఏడాది వెలుగులోకి వచ్చిన చికో జన్యువు లోపిస్తే సంఖ్య, పరిమాణం రెండూ తగ్గి, ఈగ సాధారణ పరిమాణంలో సగానికి కూడా చేరదు. ఇంతవరకు జన్యుశాస్త్రంతో సరిపెట్టుకోవచ్చు. కణాల పెరుగుదలను, విభజనను ప్రేరేపించే సైక్లిన్ డి, సీడీకే4 అనే ప్రోటీన్ల జంట విషయంలో అలా కుదరదు. ఈ జంట మోతాదు పెంచితే, విభజన ఆగిపోయిన కంటి కణాలు పెద్దవవుతాయి. ఇంకా విభజన చెందుతున్న రెక్క కణాల్లో మాత్రం పెరుగుదల, విభజన రెండూ సమంగా వేగం పుంజుకోవడంతో పరిమాణం మారదు. ఈ పెరుగుదలకు ఆక్సిజన్‌ను వినియోగించుకునే ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైమ్ అవసరమని 2004లో వెల్లడైంది. అంటే పెరగమని జన్యువు ప్రేరేపించినా, ఎంజైమ్ సహకరించనిదే పని జరగదు.

అందువల్ల జీవరసాయన శాస్త్రంలో పీజీ చేసి, ప్రాజెక్టును ఈగల ప్రయోగశాలలో చేయమని నా సలహా. జీవక్రియల పునాది తరగతి గదిలో క్రమంగా పడాలి. ఈగల సంకరణం మాత్రం చేతులతో చేస్తేనే వస్తుంది, పైగా 25 డిగ్రీల సెల్సియస్ వద్ద ఒక తరానికి సుమారు పది రోజులే కనుక కొద్ది నెలల ప్రాజెక్టు కూడా వృథా కాదు. గణాంకశాస్త్రాన్ని చాలామంది విద్యార్థులు చిన్నచూపు చూస్తారు. రెక్కలో దాదాపు ప్రతి కణానికీ ఒక్కో వెంట్రుక ఉంటుంది కాబట్టి నిర్ణీత వైశాల్యంలో వెంట్రుకలను లెక్కించి కణ పరిమాణాన్ని అంచనా వేస్తారు. అలా రెండు రకాల ఈగల మధ్య కనిపించిన తేడా నిజమైనదో యాదృచ్ఛికమో చెప్పగలిగేది గణాంకాలే.

ఇక ఉపయోగం సంగతి. ఈగల్లో కణ పెరుగుదలను అదుపుచేసే పీటెన్, టీఎస్‌సీ1, టీఎస్‌సీ2 జన్యువులు మనుషుల్లో దెబ్బతిన్నప్పుడు కణితులు ఏర్పడతాయి. కాబట్టి ఈ పరిజ్ఞానం క్యాన్సర్ పరిశోధనకు నేరుగా పనికొస్తుంది. అయితే పీహెచ్‌డీకి సిద్ధపడకుండా పీజీ తర్వాత వెంటనే ఉద్యోగం కావాలనుకుంటే ఈగల అనుభవం ఒక్కటే సరిపోదు. ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతితో పరీక్షించే పద్ధతి), సూక్ష్మదర్శిని చిత్రాల విశ్లేషణ కూడా ప్రాజెక్టులోనే నేర్చుకోండి.