ట్రైలర్‌కి సోలార్ బిగించే ముందు

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

ట్రైలర్‌ని ప్రయాణాల్లో పడుకునే చిన్న ఇల్లులా చేసుకుంటానని నువ్వు పంపిన సామాన్ల చీటీ, ఫోటోలు చూశాను. పదడుగుల రేకు డబ్బా, ఒకే యాక్సిల్, ఛాసిస్ మీద తుప్పు పైపైనే ఉంది. పని చేయించుకోదగ్గ బండే. చీటీలో మాత్రం ఏసీ, ఇండక్షన్ పొయ్యి కొట్టేశాను. అలగకుండా లెక్క చూడు.

మన ఎండాకాలం రాత్రి టన్ను ఏసీతో ఆ డబ్బాను ఎనిమిది గంటలు చల్లగా ఉంచాలంటే దాదాపు అయిదు యూనిట్ల కరెంటు కావాలి. 12 వోల్టుల 100 ఏహెచ్ (యాంపియర్-అవర్ల) లిథియం బ్యాటరీలో పట్టేది 1.28 యూనిట్లు. నిశ్చింతగా వాడుకోగలిగింది అందులో ఒక్క యూనిట్. అంటే ఒక్క రాత్రికే అయిదు బ్యాటరీలు. ఇక ఇండక్షన్ 2000 వాట్లు లాగితే బ్యాటరీ వైపు 180 యాంపియర్లు దాటుతుంది, ఒక్క బ్యాటరీ మోసే భారం కాదది. ఊరికి దూరంగా కరెంటు లేని చోట వంట గ్యాసు మీదే చేసుకోవాలి. వేసవిలో చల్లదనం కావాలంటే బండిని అరకు వైపు తిప్పు, రెంటచింతల వైపు కాదు.

ఏదీ కొనకముందు రోజు వాడకం కాగితం మీద వేసుకో. 40 లీటర్ల 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ తిరిగేటప్పుడు 50 వాట్ల చిల్లర లాగుతుంది. మన వేడికి రోజులో సగం పైనే తిరుగుతుంది కాబట్టి 550 నుంచి 600 వాట్-అవర్లు (వెయ్యయితే ఒక యూనిట్) పెట్టుకో. 15 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే 300. 5 వాట్ల లైట్లు నాలుగు, నాలుగు గంటలకు 80. ఫోన్లు, ల్యాప్‌టాప్‌కి 120. నీళ్ళ పంపు లెక్కలోకి రాదు. మొత్తం 1100 దాకా తేలింది. ఫ్రిజ్ తీసేస్తే 500 మాత్రమే. రెండు రాత్రుల సూర్యలంక ప్రయాణానికి మందపాటి ఐస్ బాక్సు, పది కిలోల ఐసు చాలు. నా మాట వింటే ఫ్రిజ్ రెండో విడతలో కొను. అప్పుడు 100 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, 200 వాట్ల ప్యానెల్ ఒకటితో పని నడుస్తుంది. ఫ్రిజ్ వచ్చిననాడు రెండూ రెట్టింపు చెయ్యాలి.

200 వాట్లని రాసిన ప్యానెల్ కప్పు మీద పడుకోబెడితే మన దగ్గర మంచి ఎండ రోజున 700–800 వాట్-అవర్లు ఇస్తుంది, అంతే. ఆ రేటింగు ప్యానెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మే నెలలో సెల్ వేడి 65 దాటుతుంది, డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున తగ్గుతుంది, అంటే ఎండ మండిపోతున్నప్పుడే 15 శాతం దాకా పోతుంది. అందుకే ప్యానెల్‌ని కప్పుకి అతికించకు. కింద గాలి ఆడేలా రెండంగుళాల సందు వదిలి ఇనప యాంగిల్ పట్టీల మీద బిగించు. బోల్టులు రేకులోకి కాక కప్పు కింది అడ్డ పట్టీల్లోకి దిగాలి. చిల్లు చుట్టూ బ్యుటైల్ టేపు (నీరు దిగనివ్వని జిగురు టేపు), పైన పాలీయురేథేన్ సీలెంట్ వెయ్యి. సిలికాన్ వద్దు. ఒకసారి పూశాక దాని మీద మరేదీ అంటుకోదు, కార్తీకంలో వాయుగుండం వచ్చిన రోజున కారడం మొదలైతే మొత్తం గీకాల్సిందే.

ఇంకో చిక్కుంది. మన వాళ్ళెవరూ ఎండలో బండి ఆపరు, చింతచెట్టు కిందే ఆపుతారు. కొమ్మ నీడ ఒక మూల పడినా ప్యానెల్ ఇచ్చేదాంట్లో పెద్ద భాగం పోతుంది. రెండో ప్యానెల్ కొన్నప్పుడు దాన్ని కప్పు మీద పెట్టకుండా, మడత స్టాండుతో విడిగా ఉంచుకుని ఎండలోకి లాక్కో. పది మీటర్ల వైరు 6 స్క్వేర్ ఎంఎంది వాడితే నష్టం 3 శాతం చుట్టుపక్కలే ఉంటుంది. రెండూ ఒకే రకం కొని, వాటిని సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటిగా) కాకుండా ప్యారలల్‌గా (ప్లస్‌కి ప్లస్, మైనస్‌కి మైనస్) కలుపు, అప్పుడు ఒకటి నీడలో పడ్డా రెండోది కుంటుపడదు. ఒకదానికి 20 యాంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ కరెంటుని బ్యాటరీకి తగ్గట్టు మార్చి చార్జ్ చేసే పెట్టె) సరిపోతుంది, రెంటికీ 30ది కావాలి. ముందే 30ది కొనేస్తే మళ్ళీ మార్చే పని ఉండదు. కంట్రోలర్‌కి మొదట బ్యాటరీ కలపాలి, తర్వాతే ప్యానెల్. విప్పేటప్పుడు తిరగేసి. బ్యాటరీ రకం లిథియం అని సెట్టింగ్‌లో మార్చావో లేదో రెండుసార్లు చూసుకో.

అందరూ డబ్బు మిగుల్చుకునేది వైర్ల దగ్గర, బండి మొరాయించేదీ అక్కడే. ఇంటి వైరింగ్ అలవాటుతో 1.5 స్క్వేర్ ఎంఎం వైరు లాగేస్తారు. 230 వోల్టుల్లో ఒక వోల్టు పోతే ఎవరికీ తెలియదు. 12 వోల్టుల్లో ఒక వోల్టు పోతే పన్నెండో వంతు పోయినట్టు. అయిదు మీటర్ల దూరానికి, పోనూ రానూ పది మీటర్లు, 10 యాంపియర్లు పంపితే 1.5 వైరులో 1.2 వోల్టు దాకా పడిపోతుంది. 4 వైరులో 0.45. ఫ్రిజ్ స్టార్టయ్యేటప్పుడు ఎక్కువ కరెంటు లాగి, వోల్టేజీ ఇంకా పడి, కంప్రెసర్ ఆగిపోతుంది. మనవాడేమో బ్యాటరీ బాలేదంటూ షాపు వాడితో గొడవకి దిగుతాడు. ఫ్రిజ్‌కి 6, లైట్లకి 1.5, ఫ్యాన్లకి 2.5 పెట్టు. సముద్రం దగ్గర తిప్పే బండి కాబట్టి తగరం పూత ఉన్న రాగి వైరు దొరికితే అదే కొను.

థింబుల్స్‌ని (వైరు చివర తొడిగే లోహపు కొనల్ని) సుత్తితో కొట్టి బిగించనివ్వకు. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ క్రింపింగ్ టూల్ ఉన్నవాళ్ళ దగ్గర పెద్ద కేబుళ్ళు నొక్కించుకో. టంకం వేస్తామంటారు, వద్దను. బండి అదురుకి టంకం ఆగిన అంచు దగ్గరే తీగ తెగుతుంది. రేకులోంచి వైరు దూరే ప్రతి చిల్లుకీ రబ్బరు గ్రామెట్ (చిల్లు అంచుకి తొడిగే రింగు) ఉండాలి.

బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరంలోపే ప్రధాన ఫ్యూజ్ పెట్టు. దాని తర్వాతే స్విచ్, బస్‌బార్ (వైర్లన్నీ కలిపే రాగి పట్టీ), మిగతావన్నీ. 1000 వాట్ల ఇన్వర్టర్ పెడితే నిండు లోడు మీద 90 యాంపియర్ల పైన లాగుతుంది. 35 స్క్వేర్ ఎంఎం కేబుల్ మీటరు లోపు పొడవులో, 125 యాంపియర్ల ఫ్యూజ్‌తో వెయ్యి. లిథియం బ్యాటరీ షార్టయితే వచ్చే కరెంటు వేల యాంపియర్లలో ఉంటుంది, నాసిరకం ఫ్యూజ్ కరిగినా లోపల మంట ఆగకపోవచ్చు. అక్కడ అంత కరెంటునీ ఆపగల క్లాస్ టీ రకం ఫ్యూజే కావాలి. షాపులో లేకపోతే తెప్పించమను, ఈలోపు కనెక్షన్ ఇవ్వకు.

ఇన్వర్టర్ అవుట్‌పుట్‌కి 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపేసే స్విచ్) పెట్టు. దాని మీది టెస్టు బటన్ నొక్కగానే ట్రిప్పయింది కదా అని నమ్మకు. ఇన్వర్టర్ న్యూట్రల్‌కీ ఛాసిస్‌కీ బాండింగ్ (రెంటినీ కలిపే వైరు) లేకపోయినా ఆ బటన్ పనిచేస్తుంది, మనిషికి షాకు కొట్టినప్పుడు మాత్రం ఆర్‌సీసీబీ కదలదు. చవక ఇన్వర్టర్లు కొన్నిటికి ఆ బాండింగ్ ఇస్తే కాలిపోతాయి. కొనేముందే మాన్యువల్‌లో ఆ పేజీ చూపించమని అడుగు.

బ్యాటరీని ట్రైలర్ ముందు నాలుక (కారుకి తగిలించే కడ్డీ) మీది ఇనప పెట్టెలో పెడదామని రాశావు. ఎండలో ఆ పెట్టె పొయ్యే. బ్యాటరీ లోపలి కాపలా సర్క్యూట్ (బీఎంఎస్) వేడి హద్దు దాటగానే చార్జింగ్ ఆపేస్తుంది, నువ్వేమో సోలార్ చెడిపోయిందనుకుంటావు. లోపల, నేల మీద, యాక్సిల్‌కి కాస్త ముందు వైపు పెట్టి పట్టీలతో బిగించు. పాత ఇన్వర్టర్ ట్యూబులార్ బ్యాటరీ ఇంట్లో ఉందని దాన్ని మాత్రం ఎక్కించకు. 50 కిలోల పైన బరువు, వాడుకోగలిగింది సగమే, పైగా చార్జింగ్‌లో హైడ్రోజన్ వదులుతుంది. పడుకునే చోట అది ఉండకూడదు.

బరువు సంగతి. ట్రైలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. 800 కిలోలైతే 80 నుంచి 120. వెనక బరువెక్కితే హైవే మీద లారీ దాటిన గాలికే తోక ఊగుతుంది, ఆ ఊపు ఆగదు. నీళ్ళు, సామాను అన్నీ నింపి గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల వే బ్రిడ్జ్ మీద తూయించు. తర్వాత నాలుకను కారు హిచ్ ఎత్తులోనే ఉండేలా దిమ్మె పెట్టి, బియ్యం కొట్టు కాటా మీద విడిగా తూయి.

నీళ్ళ ట్యాంకు 60 లీటర్లు చాలు, మనిషికి రోజుకి పది లీటర్ల లెక్క. తాగడానికి 20 లీటర్ల క్యాన్లు వేరే. వెలుతురు చొరబడని ట్యాంకు కొను, లేకపోతే వారంలో పాచి పడుతుంది. మొదటిసారి, ఆపైన ఖాళీగా ఉండిపోయిన ప్రతిసారీ, 60 లీటర్ల నీళ్ళకి 5 శాతం సోడియం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం) 60 మిల్లీలీటర్లు కలిపి, కొళాయి దాకా పారించి, నాలుగు గంటలుంచి పారబోసి కడుగు. పంపు ముందు జాలీ ఫిల్టర్ లేకపోతే చిన్న ఇసుక రేణువుకే వాల్వు ఇరుక్కుంటుంది.

గ్యాసు 5 కిలోల సిలిండర్, ఐఎస్ఐ గుర్తున్న రబ్బరు ట్యూబు. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకైతే నేల మీదే పరుచుకుంటుంది. సిలిండర్ అరకి అడుగున బయటికి చిల్లు ఉండాలి, ఆ అరకీ గదికీ మధ్య సందు ఉండకూడదు. గ్యాస్ అలారం మోకాలి కింద బిగించు. కార్బన్ మోనాక్సైడ్ అలారం వేరు, అది పడక ఎత్తులో.

వేడి దగ్గరికొస్తే, ఇన్సులేషన్ వేసి గాలి దారి మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. పగలంతా పీల్చిన వేడి రాత్రి బయటికి పోక లోపలే ఉడుకుతుంది. కప్పుకి తెల్ల కూల్‌రూఫ్ పెయింటు, లోపల అంగుళం ఎక్స్‌పీఎస్ (గట్టి ఫోమ్) షీటు వెయ్యి. ఇనప పట్టీల మీద కూడా నైట్రైల్ ఫోమ్ అతికించు, లేకపోతే వేడి వాటిలోంచే దిగుతుంది. కప్పుకి 14 అంగుళాల వెంట్ ఫ్యాను గాలి బయటికి తోసేలా పెట్టి, పడక పక్కన కింది కిటికీ కొంచెం తెరిచి ఉంచు. అన్నిటికీ స్టీలు దోమల జాలీ.

ఆర్‌సీలో రాసి ఉన్న వివరాలు మారే మార్పు ఏదైనా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కిందికి వస్తుంది. తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చడానికి అది ఒప్పుకోదు. కప్పు ఎత్తు పెంచుదామన్నావు కదా, రేకు కొయ్యకముందే వెళ్ళి బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని కలువు.

పని అయ్యాక నేరుగా సముద్రానికి లాక్కెళ్ళకు. ఇంటి ముందే కరెంటు ఇవ్వకుండా రెండు రాత్రులు అందులో పడుకో, ఫ్రిజ్ తప్ప అన్నీ వాడు. తెల్లారి బ్యాటరీ శాతం, సాయంత్రం శాతం రాసుకో. ప్రతి థింబుల్‌నీ లోడు మీద చేత్తో ముట్టుకుని చూడు, వేడిగా తగిలింది వదులుగా ఉన్నట్టే. మొదటి ప్రయాణంలో 50 కిలోమీటర్ల దగ్గర ఆగి చక్రాల నట్లు మళ్ళీ బిగించు.

ఇన్వర్టర్ మోడల్ నంబరు, వే బ్రిడ్జ్ చీటీ ఫోటో తీసి పంపు. అవి చూశాకే కేబుళ్ళు కోయించుకో.

మీ మామయ్య,
విజయవాడ