ఓబో రీడ్ గీకేటప్పుడు కొలబద్ద పక్కన పెట్టాక

ఓబో అనే ఊదే వాయిద్యానికి రీడ్ (నోట్లో పెట్టుకుని ఊదే గడ పీక) మీరే చాకుతో గీకుతున్నారు. ఎక్కడ ఎంత గీకాలో చెప్పే చార్టులోని కొలతలన్నీ తు.చ. తప్పకుండా పాటించినా మీ రీడ్ కింది స్వరాలు పలకడం లేదన్నారు. అడిగితే పెద్దలు "అది చేతికే తెలియాలి" అంటున్నారని విసుక్కున్నారు కూడా. నాకూ మొదటి రెండేళ్లు ఇదే గొడవ. అమెరికాలో చదువుకునేటప్పుడు ఓబో పట్టుకున్నాను. చేత్తో చేసిన రీడ్లు కొనుక్కునే స్తోమత లేక చాకు పట్టాల్సి వచ్చింది.

ముందు ఆ చార్టు ఏ పద్ధతిదో చూడండి. యూరప్‌లో కొస దగ్గర కొంచెం మేరే గీకుతారు. అమెరికన్ పద్ధతిలో గీకుడు వెనక గడను గొట్టానికి బిగించే దారం కట్టు దగ్గర దాకా వస్తుంది. ఇది ఫిలడెల్ఫియా ఆర్కెస్ట్రాలో 1915 నుంచి 1954 దాకా ఓబో వాయించిన మార్సెల్ టాబుటో శిష్యుల ద్వారా పాకింది. ఒకదాని అంకెలు ఇంకోదానికి అతకవు.

ఒకసారి పట్టుబట్టి పది గడ ముక్కలతో పది రీడ్లు ఒకే రోజు కట్టాను. అన్నీ 0.60 మి.మీ. మందం, ఒకే ఆకారం, పదింటినీ ఒకేలా గీకాను. నాలుగు శ్రుతి కిందికి జారాయి, రెండు కీచుమన్నాయి, ఒకటి మాత్రం హాయిగా పలికింది. మైక్రోమీటరు మందం చెబుతుందే తప్ప ఆ ముక్క ఎంత గట్టిదో చెప్పదని అప్పుడు బుర్రకెక్కింది. రీడ్లు చేసే అరుండో డోనాక్స్ గడ కూడా మొక్కే కదా, ఏ రెండు ముక్కలూ ఒకేలా ఉండవు.

అప్పటి నుంచి ఎంత గీకాలి అని కాకుండా, ఈ చోటు ఏం పని చేస్తోంది అని చూడడం మొదలుపెట్టాను. నాలుక తాకించగానే స్వరం రాకుండా తడబడితే అనుమానం కొస మీద. కింది స్వరాలు ఇరుక్కుంటే దారం వైపున్న వెనక భాగం ఇంకా బరువుగా ఉందని. శ్రుతి నిలవకుండా ఊగిపోతే హార్ట్ దగ్గర, అంటే కొసకీ వెనక భాగానికీ మధ్య, ఎక్కువ తీసేసి ఉంటారు. దానికి మందు లేదు, కొస కాస్త కత్తిరించి చూడడమే.

ఒక రిహార్సల్ ముందు రాత్రి కింది డి స్వరం పలకలేదని కొసనే పలచన చేస్తూ పోయాను. అద్దంలా అయింది, దోమ పాటలా మోగింది, డి మాత్రం రాలేదు. ఇంకో రీడ్ తీసి దీపానికి ఎదురుగా పట్టి చూశాను. వెనక వైపు ఒక పక్క నల్లగా, ఒక పక్క వెలుతురుగా కనబడింది. నల్లగా ఉందంటే అక్కడ మందం ఎక్కువని. నల్లటి వైపు చాకుతో మూడే మూడు గీతలు గీకాను. డి ఠక్కున వచ్చింది!

రెండు గీతలకోసారి రీడ్‌ను మాత్రమే నోట్లో పెట్టుకుని ఊదండి. దీన్నే క్రో అంటారు, నిజంగా కాకి గోలే. అమెరికన్ రీడ్‌లో పై సి, కింది సి రెండూ కలిసి వినబడాలి. బి దగ్గరకి దిగితే కొస కాస్త కత్తిరించండి, సి దాటి పైకి పోతే వెనక గీకండి. ఒక్కసారికి ఒక్క మార్పే. రెండు చోట్ల గీకితే ఏది పని చేసిందో మీకే తెలియదు.

చాకు సంగతి చెప్పడం మర్చిపోయా. మొద్దు చాకు పొడి తీయదు, నారలు చింపుతుంది. నా మొదటి ఏడాది వైఫల్యాల్లో సగం సాన పట్టకపోవడం వల్లే అనుకుంటా.

కొత్త రీడ్‌ను ఒక్క రాత్రిలో పూర్తి చేయకండి. ఈ రోజు కొంచెం గట్టిగానే వదిలేసి ఆరబెట్టండి. రేపు తడిపితే అది వేరే రీడ్‌లా ఉంటుంది, మిగతా గీతలు అప్పుడు.