వైకల్యం వేరు, కుంగుబాటు వేరు

మనసుకు సంబంధించి పాఠకులు పంపిన ఉత్తరాలకు మానసిక వైద్యుల జవాబులు

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారాలు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలోని ఒక పల్లె. మా ఆయనకు 47 ఏళ్లు. చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగడం వల్ల కాళ్లు వంకర తిరిగాయి, నడుము బిగుసుకుపోయింది. అయినా మూడు చక్రాల బండి మీద రోజూ బడి దగ్గరికి వెళ్లి, మా డబ్బాలో నోటుబుక్కులు, చాక్లెట్లు అమ్మేవారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బడితో పాటు డబ్బా కూడా మూతపడింది. మరుసటి ఏడాది రెండో వేవ్‌లో మా బావగారు కరోనాతో పోయారు, ఈయనకు ఆఖరిచూపు కూడా దక్కలేదు. బడులు తెరిచి ఏళ్లు గడిచినా ఈయన గడప దాటడం లేదు. బండి మీద ఇప్పుడు మేకల గడ్డి వేస్తున్నాం. రాత్రి మూడింటికే లేచి కూర్చుంటారు. ‘మీకు బరువైతున్న’ అంటారు. ఊళ్లోవాళ్లేమో ‘కాళ్లు లేనోడు ఇంట్ల ఉంటే తప్పేంది’ అంటున్నారు. ఆర్‌ఎంపీతో బలానికి సెలైన్ పెట్టించాం. ఇది జబ్బేనా? మానసిక డాక్టరుకు చూపిస్తే పింఛను తీసేస్తారా?

జవాబు: అమ్మా, బండి మీద గడ్డి వేస్తున్నామన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. మీ ప్రశ్నకు సగం జవాబు ఆ మాటలోనే ఉంది. మీ ఆయన కాళ్లు 2019లోనూ ఇలాగే ఉన్నాయి, నడుము ఇలాగే ఉంది, అయినా రోజూ బండి తోలుకుంటూ వెళ్లి డబ్బా తెరిచారు. కాబట్టి ఆయనను ఇంట్లో కూర్చోబెట్టింది వైకల్యం కాదు. దాని తరువాత వచ్చిన మరొకటి. మీరు రాసిన లక్షణాలు, అంటే తెల్లవారకముందే మెలకువ రావడం, ఇష్టమైన పని మీద ఆసక్తి పోవడం, తాను ఇంటికి భారమన్న ఆలోచన, రెండు వారాలకు మించి ఉంటేనే మేము డిప్రెషన్ కోసం పరీక్షిస్తాం. ఆయనకు ఏళ్లుగా ఉన్నాయి. ఇది జబ్బే, చికిత్స ఉన్న జబ్బు.

మీ ప్రాంతంలో దీన్ని గుర్తుపట్టడం ఎందుకు కష్టమో నాకు తెలుసు. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబితే, మర్రిగూడ, చండూరు, నాంపల్లి వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ నీళ్లు తాగిన తరంలో ఎముకలు ముదిరి, కీళ్లు బిగుసుకున్న వాళ్లు వీధికొకరు కనిపించేవారు. మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాక పిల్లలు బయటపడ్డారు గాని, పెద్దవాళ్ల ఎముకలు మళ్లీ తిన్నగా కావు. అందువల్ల అక్కడ ఏ బాధనైనా ‘ఆ నీళ్ల పాపం’ కిందనే జమకట్టడం అలవాటైపోయింది. డాక్టర్లమూ ఇందుకు మినహాయింపు కాదు. వంగిన నడుముతో ఒక మనిషి లోపలికి రాగానే నడుము గురించి నాలుగు ప్రశ్నలు వేసి, నొప్పి మాత్రలు రాసి పంపేస్తాం, రాత్రి నిద్ర పడుతోందా అని అడగం. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఫ్లోరైడ్ బాధితుణ్ణి అలాగే మూడుసార్లు పంపేశాను. నాలుగోసారి ఆయన భార్య ‘అన్నం ముట్టుత లేడు సారూ’ అని ఏడిస్తే గాని నాకు తెలియలేదు.

కరోనా కాలం అందరినీ కుదిపింది. మొదటి ఏడాదిలో ప్రపంచవ్యాప్తంగా ఆందోళన, కుంగుబాటు 25 శాతం పెరిగాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించింది. కాని వికలాంగులకు ఆ దెబ్బ వేరే తీరున తగిలింది. రెండు గజాల దూరం పాటించమన్నారు, మంచం మీది నుంచి ఎత్తి కూర్చోబెట్టే మనిషి దూరంగా ఎలా ఉంటాడు? తమవల్ల ఇంట్లోవాళ్లకు అంటుకుంటుందేమోనని నీళ్లు తాగడం తగ్గించి, దొడ్డికి తీసుకుపొమ్మని అడగడం తగ్గించుకున్న వాళ్లను నేను చూశాను. మీ ఆయన విషయంలో నష్టం రెండు వైపుల నుంచి వచ్చింది. బడులు 2021 సెప్టెంబరు 1 దాకా పూర్తిగా తెరుచుకోలేదు. ఆ ఏడాదిన్నరలో పోయింది డబ్బా రాబడి ఒక్కటే కాదు, రోజూ ఆయన్ను పేరుపెట్టి పిలిచే పిల్లలూ దూరమయ్యారు. ఆ పైన అన్న చావు. పాడె మోయడం ఆయన వల్ల ఎటూ కాకపోయినా, శవం పక్కన కూర్చుని ఏడ్చే హక్కు అందరిలాగే ఆయనకూ ఉండేది. అదీ అందలేదు. ఇప్పటికైనా బావగారి పేరున ఇంట్లో ఒక పూట అందరూ కూర్చుని, ఆయన గురించి మాట్లాడుకోండి. మీ ఆయన ఏడిస్తే ఆపకండి.

ఇక చేయవలసినది. నల్గొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి తీసుకువెళ్లండి. రక్తం తక్కువైనా, థైరాయిడ్ తగ్గినా మనిషి ఇలాగే నీరసపడతాడు గనుక ముందు ఆ పరీక్షలు చేయించండి. డిప్రెషన్ మందులు వేసుకున్న మర్నాడే పని చేయవు, రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు వాడాలి, సొంతంగా ఆపకూడదు. నిద్ర కుదుటపడితే కీళ్ల నొప్పుల తీవ్రత కూడా కొంత తగ్గుతుంది, ఎందుకంటే నొప్పి నిద్రను చెడగొడుతుంది, నిద్రలేమి నొప్పిని పెంచుతుంది. నొప్పి మాత్రలు రోజూ మింగుతుంటే మాత్రం డాక్టరుకు తప్పక చెప్పండి, మూత్రపిండాలు దెబ్బతింటాయి. సెలైన్ వల్ల ఒరిగేదేమీ లేదు.

ఒక మాట అడగడానికి మీకు నోరు రాకపోవచ్చు, అయినా అడగండి: ‘చచ్చిపోవాలనిపిస్తుందా?’ అలా అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది అపోహ. ‘బరువైతున్న’ అనే మనిషి ఉన్న ఇంట్లో పత్తి చేను మందు డబ్బాలు చేతికందే చోట ఉంచకండి, ఈ రోజే తీసేయండి. ఏ వేళలోనైనా 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బు ఖర్చు లేదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు అది.

పింఛను గురించి దిగులు వద్దు. 2023 జూలైలో 3,016 నుంచి 4,016 రూపాయలకు పెరిగిన వికలాంగుల పింఛను వైకల్య సర్టిఫికెట్‌లోని శాతాన్ని బట్టి వస్తుంది. మానసిక వైద్యుణ్ణి కలిసినంత మాత్రాన ఆయన కాళ్ల వైకల్య శాతం తగ్గిపోదు. పైగా 2016 వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక రుగ్మత కూడా ఒకటి.

బండి మీది గడ్డి దించేయండి. టైర్లలో గాలి కొట్టించండి. డబ్బా తెరవమని మాత్రం ఇప్పుడే అనకండి. మొదట వాకిలి దాకా, తరువాత రచ్చకట్ట దాకా, ఎంత దూరమన్నది ఆయననే చెప్పనివ్వండి.

ప్రశ్న: నేను మహబూబ్‌నగర్‌లో ఉంటాను, 39 ఏళ్లు, పుట్టుకతో వినపడదు. ఎదుటివారి పెదవుల కదలిక చూసి అర్థం చేసుకుంటాను. కరోనాలో అందరూ మాస్కులు పెట్టుకోవడంతో రెండేళ్లు మనుషుల మధ్యే ఒంటరినయ్యాను. ఇప్పుడు మాస్కులు పోయినా, ఆసుపత్రి, బ్యాంకు అంటే గుండె దడ. కౌన్సెలింగ్ కోసం నంబర్లు ఇస్తారు, వినపడని నాకు ఫోనెందుకు? ఒకసారి డాక్టరు దగ్గర నా పదకొండేళ్ల కొడుకు మాటలు చేరవేశాడు. వాడి ముందు అన్నీ చెప్పలేకపోయాను.

జవాబు: మీ కోపం న్యాయమైనది. విపత్తులో వికలాంగులకు సమాన రక్షణ ఉండాలని 2016 చట్టం ఎనిమిదో సెక్షన్ చెబుతుంది, కాని ఆ రోజుల్లో జాగ్రత్తలన్నీ చాలావరకు చెవులున్నవారికే చేరాయి. ఫోన్ నంబరు మీకు పనికిరాదు, నేరుగా వెళ్లడమే మేలు. మీ ఊళ్లోని ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో మానసిక వైద్యులుంటారు. వెళ్లేముందు ఇంట్లో తీరిగ్గా కూర్చుని ఒక కాగితం మీద దడ ఎప్పుడు వస్తుంది, ఎంతసేపు ఉంటుంది, నిద్ర ఎలా ఉంది, ఏం తప్పించుకు తిరుగుతున్నారు అన్నవి రాసుకోండి. ఆ కాగితం డాక్టరుకిచ్చి జవాబులు కూడా రాసివ్వమనండి. సిగ్గుపడవద్దు, గొంతు పోయిన రోగులతో మేము అలాగే మాట్లాడతాం.

బాబును మాత్రం ఇంకెప్పుడూ మధ్యలో పెట్టకండి. తల్లి భయాలను తన నోటితో చెప్పడం ఆ వయసు పిల్లవాడికి మోయరాని బరువు. మీరేమో వాడి కోసం సగం దాచుకుంటారు, డాక్టరు ఆ సగం జబ్బుకే మందు రాస్తారు. సైగల భాష వస్తే, తెలిసిన పెద్దవాళ్లెవరినైనా వెంట తీసుకెళ్లండి. మీరు చెప్పింది గోప్యంగా ఉంచడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం డాక్టరు బాధ్యత. ఇక దడ గురించి. బ్యాంకుకు పోవడం మానేసిన కొద్దీ బ్యాంకు మరింత భయపెడుతుంది. రద్దీ లేని వేళ చూసి, అడగవలసినది చీటీ మీద రాసుకుని, చిన్న పనితో మొదలుపెట్టండి.

ప్రశ్న: మా తమ్ముడికి 30 ఏళ్లు, బుద్ధిమాంద్యం. లాక్‌డౌన్‌లో ఇంట్లో కట్టేసినట్టు ఉంచాం. ఇప్పటికీ ఎవరైనా దగ్గితే తలుపు వేసేసుకుంటాడు. ఏం చేయాలి? (నాగర్‌కర్నూల్ జిల్లా నుంచి)

జవాబు: ఆ రోజుల్లో తలుపు వేసుకొమ్మని మనమే నేర్పాం, అతను బాగా నేర్చుకున్నాడు. తెరవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. మాటలతో నచ్చజెప్పితే లాభం లేదు, చేసి చూపించండి. ఇంట్లో ఒకరు కావాలనే దగ్గి, నీళ్లు తాగి, నవ్వి, అతని పక్కనే కూర్చోవాలి. రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి.