బ్యూటైల్ దగ్గర ఆగి చెప్పు

చి. లక్ష్మికి పెదనాన్న ఆశీస్సులు.

ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ ట్యూషన్ మొదలుపెడుతున్నావని మీ నాన్న చెప్పాడు. ఆల్కైల్ సమూహాల పాఠం ఎలా చెప్పాలని అడిగావట కదా, తోచింది రాస్తున్నాను.

మిథైల్, ఇథైల్ దగ్గర పొద్దు పుచ్చకు. ఒంటి బంధాలే ఉన్న కార్బన్-హైడ్రోజన్ పదార్థం, అంటే ఆల్కేన్‌లోంచి ఒక హైడ్రోజన్ తీసేస్తే మిగిలేది ఆల్కైల్. కార్బన్లు ఎన్నుంటే దానికి రెట్టింపు, పైన ఇంకొకటి హైడ్రోజన్లు. పేరు చివర 'ఏన్' పోయి 'ఐల్' వస్తుంది. ఇది పది నిమిషాల పని. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పు: ఆల్కైల్ సీసాలో పోసి చూపించే పదార్థం కాదు, దేనికో దానికి అతుక్కుని ఉండే ముక్క. కడియం నర్సరీల్లో అంటు కట్టేవాళ్లు కోత ఎక్కడ పడిందో చూసుకున్నట్టు, మనం ఖాళీ అయిన బంధం ఏ కార్బన్ మీద ఉందో చూడాలి. పేరంతా దాన్ని బట్టే.

నాలుగు కార్బన్ల బ్యూటైల్‌కి ఒక పూట పూర్తిగా కేటాయించు. బోర్డు మీద బొమ్మ గీస్తే సరిపోదు, చేతికి పని ఇవ్వాలి. మన ఊళ్లో కొబ్బరి ఈనెలకు కరువా? రెండంగుళాల ముక్కలు విరిపించు, బంకమట్టి నిమ్మకాయంత ఉండలు చేయించు. ఉండ కార్బన్, ఈనె బంధం, ఒక కొస ఊరికే ఉన్న ఈనె హైడ్రోజన్. ప్రతి ఉండకీ నాలుగు ఈనెలు. మూడు బల్ల మీద ముక్కాలి పీటలా ఆనాలి, నాలుగోది నిటారుగా నిలబడాలి. పిల్లలు నాలుగూ ఒకే తలంలో ప్లస్ గుర్తులా గుచ్చేస్తారు, అది సరిచెయ్యి. లేకపోతే వంకరగా గీసిన గొలుసును కొమ్మ అనుకునే జబ్బు చివరిదాకా వదలదు. మట్టి ఆరితే ఈనె జారిపోతుంది, పక్కన తడిగుడ్డ ఉంచుకో.

నాలుగు ఉండలతో కొమ్మల్లేని గొలుసు బ్యూటేన్ ఒకటి, కొమ్మ ఉన్న ఐసోబ్యూటేన్ ఒకటి చేయించు. దేనికైనా ఈనెలు పదమూడే: ఉండల మధ్య మూడు, హైడ్రోజన్లకి పది. ఇప్పుడు బ్యూటేన్ నుంచి ఒక హైడ్రోజన్ ఈనె పీకమను. రెండు చివర్లలో ఉన్న ఆరింటిలో ఏది పీకినా నార్మల్ బ్యూటైలే. మధ్యలో ఉన్న నాలుగింటిలో ఏది పీకినా సెకండరీ బ్యూటైల్. ఐసోబ్యూటేన్‌లో మూడు మిథైళ్ల మీద ఉన్న తొమ్మిదిలో ఏది పోయినా ఐసోబ్యూటైల్. నడిమి కార్బన్ మీద ఉన్న ఆ ఒక్కటీ పోతే టెర్షియరీ బ్యూటైల్. రెండు అస్థిపంజరాలు, నాలుగు పేర్లు. బట్టీ పట్టక్కర్లేదు.

ఇక్కడే తప్పేది: ఐసోబ్యూటైల్‌లో కొమ్మ కనబడగానే పిల్లలు సెకండరీ అనేస్తారు. కొమ్మ ఎక్కడుందని కాదు, అతుకు పడే కార్బన్‌కి ఎన్ని కార్బన్లు తగిలి ఉన్నాయని అడుగు. ఒకటే. కాబట్టి అది ప్రైమరీ. రెండు తగిలితే సెకండరీ, మూడు తగిలితే టెర్షియరీ. సెకండరీ అన్న పేరు బ్యూటైల్‌తో ఎందుకు ఆగిపోయిందో కూడా అడిగి చూడు. ఐదు కార్బన్ల పెంటేన్ గొలుసులో రెండో కార్బన్, మూడో కార్బన్ రెండూ సెకండరీలే, ఏది చెబుతున్నామో తేలదు. పెంటైల్ రకాలు ఎనిమిది. వాటికి అంకెలతోనే పేర్లు పెట్టడం నయం. అంకె వేసేటప్పుడు కొమ్మలో అతుకు ఉన్న కార్బనే ఒకటి. రావులపాలెం మార్కెట్లో ముగ్గిన అరటిగెల వాసనలో ఉండే ఐసోఅమైల్ ఎసిటేట్‌ని ఉదాహరణగా ఇవ్వు, అమైల్ అంటే పెంటైల్‌కే పాత పేరు: ఆక్సిజన్‌కి తగిలిన కార్బన్ ఒకటి, మిథైల్ మూడు మీద, అంటే 3-మిథైల్‌బ్యూటైల్. అవతలి కొస నుంచి లెక్కపెట్టినవాడు 2-మిథైల్ అని రాస్తాడు, అది వేరే సమూహం.

ప్రధాన గొలుసు, అంటే పేరుకి ఆధారమయ్యే అన్నిటికన్నా పొడవైన గొలుసు, ఎంచడానికి ఒక మంచి లెక్క చెప్తాను. మధ్య కార్బన్‌కి రెండు ఇథైళ్లు, ఒక ఐసోప్రొపైల్ (మూడు కార్బన్ల ముక్క, నడిమి కార్బన్‌తో అతికేది), ఒక హైడ్రోజన్. నూటికి తొంభైమంది 3-ఐసోప్రొపైల్‌పెంటేన్ అంటారు. ఐదు కార్బన్ల గొలుసు ఐసోప్రొపైల్ గుండా కూడా వెళుతుంది, అప్పుడు కొమ్మలు రెండవుతాయి. పొడవు సమానమైతే కొమ్మలు ఎక్కువున్న గొలుసే ప్రధానం, కనుక 3-ఇథైల్-2-మిథైల్‌పెంటేన్. అదే ఇథైళ్లకు బదులు రెండు నార్మల్ ప్రొపైళ్లుంటే 4-ఐసోప్రొపైల్‌హెప్టేన్ తప్పు కాదు. పేరు చూడగానే పసిగట్టే కొండగుర్తు: ఒకటిలో మిథైల్, రెండులో ఇథైల్, మూడులో ప్రొపైల్ కనబడితే గొలుసు తప్పు ఎంచినట్టే.

గొలుసుకు ఏ కొస నుంచి అంకెలు వెయ్యాలంటే, కొమ్మల అంకెల మొత్తం తక్కువ వచ్చే వైపు చూడమని కొందరు చెబుతారు, నమ్మకు. పది కార్బన్ల డెకేన్ మీద మూడు మిథైళ్లు ఒక వైపు నుంచి 2, 7, 8. మరో వైపు నుంచి 3, 4, 9. మొత్తం రెండోదే తక్కువ, అయినా మొదటిదే సరి. మొదట తేడా వచ్చిన చోట ఏది చిన్నదో అదే.

పేరులో కొమ్మలు రాసే వరస ఇంగ్లీషు అక్షరాలది. తెలుగు మీడియం పిల్లలు అచ్చులు ముందని ఇథైల్‌ని బ్యూటైల్ ముందు రాస్తారు. ఇంగ్లీషులో బి ముందు, ఇ తర్వాత. డై, ట్రై, సెకండరీ, టెర్షియరీ లెక్కలోకి రావు. ఐసో, సైక్లో వస్తాయి. కాబట్టి 3-ఇథైల్-2,2-డైమిథైల్‌పెంటేన్‌లో ఇథైలే ముందు.

ఇదంతా కాగితం మీద గొడవేనా అని గడుసు పిల్లాడెవడో అడుగుతాడు. ఆల్కహాల్ ప్రైమరీయా, సెకండరీయా, టెర్షియరీయా తేల్చే లూకాస్ పరీక్షకు వాడిని పంపు, కాలేజీ ల్యాబ్‌లో, లెక్చరర్ ఎదురుగా. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం, అనార్ద్ర (నీరు లేని) జింక్ క్లోరైడ్ కలిపిన కారకంతో పని, ఇంట్లో వద్దు. నాలుగు బ్యూటైల్ ఆల్కహాళ్లలో టెర్షియరీది వెంటనే మబ్బు కడుతుంది, సెకండరీది ఐదు నిమిషాలకి అటూ ఇటూగా. నార్మల్, ఐసో రెండూ గది ఉష్ణోగ్రత దగ్గర కదలవు. ఐసో ప్రైమరీయేనని అక్కడ తేలిపోతుంది. మన తేమకి అనార్ద్ర జింక్ క్లోరైడ్ నీరు పీల్చుకుని కారకం నీరుగారుతుంది, మూత బిగించి ఉంచమను. సంక్రాంతి రోజుల పొద్దుటిపూట టెర్షియరీ బ్యూటైల్ ఆల్కహాల్ సీసాలో గడ్డకట్టి ఉంటే పాడైందని పారబోయకండి. దాని ద్రవీభవన స్థానం సుమారు 25 డిగ్రీలే, గోరువెచ్చని నీళ్లలో పెడితే కరుగుతుంది.

ఇట్లు,
మీ పెదనాన్న