చార్జర్ పోతే సిస్టమ్ అంతా మార్చాలా?

ప్రశ్న: నమస్తే మేడం. మేం డాలస్ దగ్గర ఉంటాం. నాది హెచ్-1బి, మా ఆవిడకు ఉద్యోగం లేదు, ఇద్దరు పిల్లలు. రెండేళ్ల కిందట 2016 మోడల్ మోటార్‌హోమ్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాం. ఏడాదిలో ఇరవై రాత్రులు అందులో గడుపుతాం. పైన 200 వాట్ల సోలార్ ప్యానెళ్లు, కింద నాలుగేళ్ల నాటి రెండు 6 వోల్టుల బ్యాటరీలు ఉన్నాయి. చలికాలం తర్వాత బండి బయటికి తీస్తే సోలార్ కంట్రోలర్ స్క్రీన్ వెలగలేదు. క్యాంప్‌గ్రౌండ్‌లో కరెంటుకు తగిలించినా బ్యాటరీ చార్జ్ కావడం లేదు. షాపువాళ్లు 40 ఆంపియర్ల కంట్రోలర్, కొత్త చార్జర్, రెండు 100 ఆంపియర్-అవర్ లిథియం బ్యాటరీలు, ఇన్వర్టర్, లేబర్ 1,800తో కలిపి 5,400 డాలర్లు అన్నారు. 30 శాతం టాక్స్ క్రెడిట్ వస్తుందట. 13 శాతం వడ్డీకి ఐదేళ్ల లోన్ కూడా ఇప్పిస్తారట. నెలకు మా ఖర్చు 5,500, ఎమర్జెన్సీకి దాచింది 14,000. అందులోంచి తీయనా, 401కె నుంచి తీసుకోనా, వాళ్ల లోనే తీసుకోనా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది తర్వాత మాట్లాడదాం. అసలు ఏం పాడైందో ఎవరైనా మీటర్ పెట్టి చూశారా? మీరు రాసినదాంట్లో ఆ మాట ఎక్కడా లేదు.

కంట్రోలర్, చార్జర్ రెండూ ఒకే చలికాలంలో చచ్చిపోవడం అరుదు. కంట్రోలర్ అంటే ప్యానెళ్ల నుంచి బ్యాటరీకి వెళ్లే కరెంటుని అదుపు చేసేది. కానీ చాలా కంట్రోలర్ల స్క్రీన్‌కి కరెంటు వచ్చేది బ్యాటరీ నుంచే. బ్యాటరీ పూర్తిగా దిగిపోయినా, మధ్యలో ఫ్యూజ్ ఎగిరినా స్క్రీన్ నల్లగానే ఉంటుంది. ఇక చార్జర్ ఉన్న పెట్టెలో, మిగతా ఫ్యూజుల పక్కనే, రివర్స్ పొలారిటీ ఫ్యూజులని విడిగా రెండు ఉంటాయి. బ్యాటరీ వైర్లు తారుమారుగా తగిలితే అవి ఎగిరిపోయి చార్జర్‌ని కాపాడతాయి. అప్పుడు క్యాంప్‌గ్రౌండ్ కరెంటుకు తగిలిస్తే బండిలో లైట్లు వెలుగుతూనే ఉంటాయి, బ్యాటరీకి మాత్రం చార్జ్ వెళ్లదు.

ఇది ఇంత నమ్మకంగా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో జరిగింది కాబట్టి. చలికాలం అయ్యాక మా ఆయన బ్యాటరీ తిరిగి బిగిస్తూ ఎర్ర వైరు, నల్ల వైరు తారుమారు చేశారు. చిన్న చిటపట, అంతే. ఒక షాపులో చార్జర్ మార్చాలని 900 డాలర్లు చెప్పారు. చివరికి పోయినవి ఆ రెండు ఫ్యూజులే, నాలుగైదు డాలర్లలో పనైపోయింది. ఆ సంగతి ఆయన ఇప్పటికీ ఎవరికీ చెప్పనివ్వరు.

కాబట్టి ముందు ఫ్యూజులు చూడండి. ఆ తర్వాత బ్యాటరీలు. చార్జింగ్ తీసేసి కొన్ని గంటలు వదిలేసి కొలిస్తే, నిండుగా ఉంటే మీ రెండు బ్యాటరీలూ కలిపి 12.6 వోల్టుల పైన చూపించాలి. 12 దగ్గర ఉంటే సగమో, అంతకంటే ఎక్కువో ఖాళీ అయినట్టు. చాలా ఆటో పార్ట్స్ షాపుల్లో బ్యాటరీ టెస్ట్ ఉచితమే, 6 వోల్టులవి చూస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నీళ్లు పోసే రకమైతే మూతలు తీసి ప్లేట్లు మునిగాయో లేదో చూడండి.

నిజంగానే కంట్రోలర్, చార్జర్ రెండూ పోయాయనే అనుకుందాం. అయినా 5,400 ఎందుకు? మీ 200 వాట్ల నుంచి మహా అయితే 15 ఆంపియర్లు వస్తాయి. దానికి 20 ఆంపియర్ల ఎంపీపీటీ కంట్రోలర్ (ప్యానెల్ నుంచి వీలైనంత ఎక్కువ కరెంటు రాబట్టే రకం) చాలు. 40 ఆంపియర్లది ఇంకో రెండు మూడు ప్యానెళ్లు పెట్టేవాళ్లకి. ఎంపీపీటీ వల్ల పాత పీడబ్ల్యూఎం రకం కంట్రోలర్ కంటే పదో ఇరవయ్యో శాతం ఎక్కువ కరెంటు వస్తుంది, చలిలో ఇంకొంచెం. టెక్సస్ ఎండలో ప్యానెల్ వేడెక్కి వోల్టేజీ పడిపోతుంది కాబట్టి మీరు బాగా తిరిగే వేసవిలోనే ఆ లాభం తగ్గుతుంది.

ఒక్క విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. కంట్రోలర్ అయినా చార్జర్ అయినా, మీ పాత బ్యాటరీల్లాంటి లెడ్-యాసిడ్‌కీ లిథియంకీ రెండింటికీ సెట్టింగ్ ఉన్నదే కొనండి. రేపు లిథియంకి మారితే మళ్లీ కొనక్కర్లేదు. రెండూ కలిపి 350 నుంచి 450 డాలర్లలో వస్తాయి. చార్జర్ 120 వోల్టుల లైన్ మీద ఉంటుంది, అలవాటు లేకపోతే టెక్నీషియన్‌కి రెండు మూడు గంటల కూలి ఇవ్వండి. కంట్రోలర్ మీరే మార్చుకోవచ్చు, కాకపోతే విప్పేటప్పుడు ముందు ప్యానెల్ వైర్లు, బిగించేటప్పుడు ముందు బ్యాటరీ వైర్లు. అంతా కలిపినా వెయ్యి దాటదు.

లిథియం మంచిదే, కాదనను. మీ పాత బ్యాటరీల్లో సగం వరకే వాడుకోవాలి, లిథియం దాదాపు మొత్తం వాడుకోవచ్చు. కానీ మీకు అది ఎన్ని రాత్రులు కావాలి? హుకప్, అంటే కరెంటు కనెక్షన్, ఉన్న చోటుకీ లేని చోటుకీ రాత్రికి 25 డాలర్లు తేడా అనుకుందాం. ఇరవై రాత్రులూ హుకప్ లేకుండా గడిపినా ఏడాదికి మిగిలేది 500. పెట్టిన 5,400 తిరిగి రావడానికి పదకొండేళ్లు. బిగ్ బెండ్ నేషనల్ పార్కులో జనరేటర్ వాడనివ్వని కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్ లాంటి చోట్ల రోజుల తరబడి ఉండేవాళ్ల లెక్క వేరు. పైగా షాపువాళ్లు చెప్పిన లెక్కలో ఒకటి కనబడలేదు. బండి నడుస్తున్నప్పుడు లిథియం బ్యాటరీలు ఇంజిన్ ఆల్టర్నేటర్ నుంచి విపరీతంగా లాగకుండా మధ్యలో డీసీ-డీసీ చార్జర్ ఉండాలి. అది మళ్లీ వేరే బిల్లు. ఇన్వర్టర్ మిక్సీ కోసమే అయితే చట్నీ ఇంట్లోనే రుబ్బుకుని ఫ్రిజ్‌లో పెట్టుకెళ్లండి. మేం అదే చేస్తాం.

టాక్స్ క్రెడిట్ మాట నమ్మకండి. 2025 జులై 4న సంతకమైన చట్టంతో, 2025 డిసెంబర్ 31 తర్వాత పెట్టే ఖర్చుకి ఆ 30 శాతం లేదు. ఉన్న రోజుల్లో కూడా బ్యాటరీకి కనీసం 3 కిలోవాట్-అవర్లు ఉండాలనేది రూలు. మీకు చెప్పిన రెండూ కలిపి 2.56. అంటే ఆ 1,620 డాలర్ల తగ్గింపు కాగితం మీద కూడా రాదు.

ఇప్పుడు డబ్బు సంగతి. షాపు లోన్ తీసుకుంటే నెలకు 123 చొప్పున మొత్తం 7,370 కడతారు. 401కె, అంటే కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్‌మెంట్ డబ్బు, మీద లోన్‌కి వడ్డీ మీకే వస్తుంది నిజమే. కానీ ఉద్యోగం పోతే చాలా ప్లాన్లలో మిగిలిన బాకీని ఆ ఏడాది రిటర్న్ గడువులోగా కట్టేయాలి. లేకపోతే దాని మీద పన్ను, రిటైర్‌మెంట్ వయసు రాని చాలామందికి ఇంకో 10 శాతం పెనాల్టీ. సరిగ్గా జీతం ఆగిన రోజుల్లోనే ఇది మీద పడుతుంది.

మీ ఇంట్లో ఒక్క జీతమే, అదీ హెచ్-1బి మీద. ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకోవడానికో దేశం వదలడానికో గరిష్ఠంగా 60 రోజుల గడువు. ఆ రెండు నెలలకి మీకు 11,000 కావాలి. 14,000లోంచి 5,400 తీస్తే మిగిలేది 8,600. లీజు బ్రేక్ చేసి నలుగురికి హైదరాబాద్ టికెట్లు కొనాల్సి వస్తే లెక్క మీరే వేసుకోండి. ఆ డబ్బు ముట్టుకోకండి.

రిపేరు ఎంతయినా ఒకటి రెండు నెలల జీతాల్లోంచి సర్దుకోండి. ఆ తర్వాత నెలకు 100 డాలర్లు బండి పేరున విడిగా ఒక సేవింగ్స్ అకౌంట్‌లో వేయండి. లిథియం కావాలంటే రెండేళ్ల తర్వాత అందులోంచే, లోన్ లేకుండా.

అన్నట్టు, ఆ అకౌంట్‌లో మొదటి ఖర్చు బహుశా టైర్లదే అవుతుంది. చాలా మోటార్‌హోమ్‌లకి ముందు రెండు, వెనక నాలుగు ఉంటాయి. పైకి అరగనట్టే కనిపించినా ఆరేడేళ్లు దాటితే వాటిని నమ్మలేం, అందులోనూ టెక్సస్ వేసవిలో. టైరు పక్క గోడ మీద డీఓటీ (DOT) అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు చూడండి. 1816 అని ఉంటే 2016లో పద్దెనిమిదో వారంలో తయారైనదని. ఆ అంకెలు నాకు రాయండి, లిథియం గురించి అప్పుడు మాట్లాడదాం.