పాత పెట్రోల్ కారు ఉంచుకోవాలా, ఎలక్ట్రిక్ కొనాలా? మా ఇంటి లెక్క చెబుతాను

పదకొండేళ్ల పెట్రోల్ కారు, ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లు, ఇంజిన్ బాగానే ఉంది, అయినా పర్యావరణం కోసం దాన్ని అమ్మేసి ఎలక్ట్రిక్ కొనాలా అని అడిగారు. నన్నడిగితే ఇప్పుడే వద్దండి. ఇదే విషయం మీద మా ఇంట్లో రెండేళ్లు వాదులాడుకున్నాం కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అంకెలతోనే లెక్క వేద్దాం. లీటరు పెట్రోలు కాలితే దాదాపు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు బరువే ముప్పావు కిలో, అంత ఎక్కడి నుంచి వస్తుందని మొదట్లో నాకూ అనుమానమే. పెట్రోల్లో ఉన్న కార్బన్ గాలిలోని ఆక్సిజన్‌ను కలుపుకుంటుంది, బరువులో ఎక్కువ భాగం ఆ ఆక్సిజన్‌దే. మీ కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తోందనుకుంటే ఏడాదికి 400 లీటర్లు, అంటే 920 కిలోలు. ముడిచమురు తియ్యడం, శుద్ధి, రవాణా కలుపుకుంటే ఇంకో ఐదో వంతు వేసుకోవాలి, మొత్తం 1,100 అనుకోండి.

చిన్న ఎలక్ట్రిక్ కారు కిలోమీటరుకు సుమారు 0.15 యూనిట్లు తీసుకుంటుంది. ఛార్జింగ్‌లో వృథా అయ్యేది కూడా కలిపితే మీకు ఏడాదికి వెయ్యి యూనిట్లు. ఆ కరెంటంతా బొగ్గుదే అయితే యూనిట్‌కి కిలోకి అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అంటే మీరు తగ్గించేది దాదాపు ఏమీ ఉండదు. సగం బొగ్గు, మిగతా సగం ఎండా గాలీ నీళ్లూ అయితే ఏడాదికి ఆరు వందల కిలోలు తగ్గుతాయి.

ఇక కొత్త కారు ఆకాశంలోంచి ఊడిపడదు కదా. బ్యాటరీతో సహా మధ్యరకం ఎలక్ట్రిక్ కారు తయారీలో పది టన్నులకు అటూఇటూగా కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి ఆరు వందల కిలోల చొప్పున తీర్చుకుంటూ పోతే పదహారేళ్లు దాటుతుంది! పాత కారు పాడైపోయి ఎలాగూ ఏదో ఒకటి కొనాల్సి వస్తే మాత్రం లెక్క మారిపోతుంది. కొత్త పెట్రోల్ కారు తయారీకీ కొన్ని టన్నులు పడతాయి, కాబట్టి రెండింటి మధ్య తేడానే చూసుకోవాలి. అది మీ వాడకానికి ఆరేడేళ్లలో తీరుతుంది, ఏడాదికి ఇరవై వేలు తిరిగేవాళ్లకు రెండేళ్లలో. పైగా మీరు అమ్మేసినంత మాత్రాన మీ పాత కారు ఆగిపోదు, ఇంకెవరో తిప్పుతారు.

ఇదంతా కార్బన్ లెక్క. వీధిలో పీల్చే గాలి లెక్క వేరు. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తోందంటే ఇంజిన్ ఆయిల్ కాలుతోందన్నమాట, అలాంటి బండిని పర్యావరణం పేరు చెప్పి ఉంచుకోకండి.

మా సంగతికొస్తాను. వాదన తేలక విసుగొచ్చి, డాష్‌బోర్డు అరలో ఒక చిన్న నోటుబుక్కు పెట్టి, దానికి దారంతో పెన్సిలు కట్టాను. తేదీ, ఎన్ని కిలోమీటర్లు, ఎవరు, ఎందుకు. నెల తిరిగేసరికి 41 ట్రిప్పులు, అందులో 26 మూడు కిలోమీటర్ల లోపే. ‘మందులు, 1.4’. ‘అబ్బాయి మర్చిపోయిన జామెట్రీ బాక్సు, 2.2’. మా ఆయన చేతిరాతలో నాలుగు చోట్ల ‘ఊరికే’ అని ఉంది! పెట్రోల్ కారుకి అన్నిటికంటే చెడ్డ ప్రయాణాలు ఇవే. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పొగలోని విషవాయువుల్ని విరగ్గొట్టే క్యాటలిటిక్ కన్వర్టర్ రెండు మూడు వందల డిగ్రీలు వేడెక్కితే గానీ సరిగ్గా పనిచెయ్యదు, అది వేడెక్కేలోపే మందుల షాపు వచ్చేస్తుంది. సైకిల్‌కి పంక్చరు వేయించి ఆ ట్రిప్పుల్లో సగం దాని మీదికి మార్చాం. కారు మార్చకుండానే జరిగిన పని అది.

తర్వాత ఆ కారుకి హెడ్ గాస్కెట్ (ఇంజిన్ లోపలి సీలు) పోయింది. మరమ్మతు ఖర్చు కారు ఖరీదుకి దగ్గరకొచ్చాక ఎలక్ట్రిక్ చూశాం. మా ఆయన ఏడు సీట్లది కావాలన్నారు, చుట్టాలొస్తే ఎలా అని. చుట్టాలు వచ్చేది ఏడాదికి రెండుసార్లు. ఆ రెండు రోజులకి బండి అద్దెకి తీసుకోవచ్చు గానీ, మిగతా 363 రోజులూ ఖాళీ సీట్లనీ పెద్ద బ్యాటరీనీ మోసుకు తిరగడం దేనికి? బండి బరువు పెరిగేకొద్దీ టైర్లు కూడా ఎక్కువ అరుగుతాయి, ఆ పొడి గాల్లోకే పోతుంది. చివరికి వాడిన చిన్న కారే కొన్నాం. మీరూ అటువైపు వెళ్తే మైలేజీ మాటలు పక్కనపెట్టి బ్యాటరీ హెల్త్ రిపోర్టు (బ్యాటరీలో ఇంకా ఎంత సత్తా మిగిలిందో చెప్పేది) అడగండి. ఇంట్లో ఛార్జింగ్‌కి విడిగా లైను, సరైన ఎర్తింగ్ ఉండాలి. మొదటి వారం మేం ఎక్స్‌టెన్షన్ బోర్డుతో పెట్టాం. రాత్రి నీళ్లకని లేచి ప్లగ్గు ముట్టుకుంటే కాలింది. పొద్దున్నే ఎలక్ట్రీషియన్‌ని పిలిచాను.

ఒక తప్పు కూడా ఒప్పుకోవాలి. మేమూ ఏడాదికి ఆరు వేల కిలోమీటర్లే తిరిగేవాళ్లం, ఎలక్ట్రిక్ వచ్చిన మొదటి ఏడాది అవి కాస్తా తొమ్మిది వేలయ్యాయి. ‘పొగ రాదు కదా’ అనుకుంటూ సైకిల్‌ని మళ్లీ మూలన పడేశాం. యంత్రాలు తక్కువ బొగ్గుతో నడవడం మొదలయ్యాక మొత్తం బొగ్గు వాడకం తగ్గకపోగా పెరుగుతుందని 1865లోనే జెవొన్స్ అనే ఇంగ్లీషు ఆర్థికవేత్త రాశాడు. ఆయన చెప్పింది మా ఇంట్లో కళ్లారా చూశాను. నోటుబుక్కు మళ్లీ కొత్త కారు అరలోకి చేరింది, ‘ఊరికే’లు కూడా చేరాయనుకోండి.

మీరూ ఒక నెల రాసి, ఆ అంకెలు ఇక్కడ పెట్టండి. మూడు కిలోమీటర్ల లోపు ట్రిప్పులు ఎన్నో, ఒక్క రోజులో ఎక్కువలో ఎక్కువ ఎంత తిరిగారో తెలిస్తే ఎంత బ్యాటరీ సరిపోతుందో చెప్పగలను.