క్లినిక్ వద్దంటున్న డాక్టరమ్మ

ప్రశ్న: మా అమ్మాయి డెంటల్ కోర్సు పూర్తి చేసింది. క్లినిక్ పెట్టమంటే వద్దంటోంది. పబ్లిక్ హెల్త్ చదివి పేదల వాడల్లో పనిచేస్తుందట. కనీసం హెల్త్ డేటా అనలిటిక్స్ (ఆరోగ్య సమాచారాన్ని కంప్యూటర్‌లో విశ్లేషించే కోర్సు) అయినా చేయమంటున్నాం. రెండింటిలో ఏది మేలు?

జవాబు: డాక్టర్ చదివించి నలుగురికీ ఏం చెప్పుకోవాలన్నదే మీ అసలు టెన్షన్ అనిపిస్తోంది. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి.

ముందు ఆ పని ఎలా ఉంటుందో చూడండి. ఒకచోట వెయ్యి మంది పిల్లల్లో 900 మందికి టీకాలు పడ్డాయనుకుందాం. రిపోర్టులో 90 శాతం అని వస్తుంది, అందరూ సంతోషిస్తారు. మిగిలిన వందలో ఎనభై మంది ఒకే వాడ పిల్లలని పట్టుకునేది పబ్లిక్ హెల్త్ మనిషి. వెళ్లి అడిగితే, టీకాలు వేసే వేళకు తల్లులు పనిలో ఉంటున్నారని తెలుస్తుంది. ఆ వేళ మార్పించడానికి అధికారుల చుట్టూ తిరగాలి. కొన్ని నెలలాగి మళ్లీ లెక్క చూడాలి.

ఆస్పత్రులుంటే చాలదా అంటారేమో. బ్రిటన్‌లో 1948 నుంచే అందరికీ ప్రభుత్వ వైద్యం ఉంది. అయినా 1967లో అక్కడి ప్రభుత్వ ఉద్యోగులపై మొదలైన వైట్‌హాల్ అధ్యయనంలో, హోదా తగ్గేకొద్దీ గుండెజబ్బు మరణాలు పెరిగాయి. పొగతాగడం, రక్తపోటు లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు.

ఇక డేటా అనలిటిక్స్. గాలి అంతా అటే వీస్తోంది. నాకు మాత్రం అనుమానమే. చాలా కోర్సులు సాఫ్ట్‌వేర్ నేర్పి, రంగురంగుల గ్రాఫులు గీయించి పంపేస్తాయి. ఆస్పత్రికి రాని మనిషి ఆస్పత్రి డేటాలో ఉండడు కదా! మీ అమ్మాయి వెతుకుతానంటున్నది సరిగ్గా ఆ మనిషినే. ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో చూసే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య గణాంకాలు) గట్టిగా నేర్పే ఎంపీహెచ్, అంటే పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తే డేటా ఉద్యోగాలకూ వెళ్లొచ్చు. గ్రాఫులు మాత్రమే తెలిసినవాళ్లు ఇటు రావడం అంత తేలిక కాదు.

డబ్బు సంగతి దాచను. మొదట్లో జీతం క్లినిక్ డాక్టర్లంత రాకపోవచ్చు. చాలావరకు ప్రాజెక్టు కాంట్రాక్టులే, నిధులు ఆగితే ఉద్యోగమూ ఆగుతుంది. ఫీల్డ్ పనితోపాటు గణాంకాలు, రిపోర్టు రాయడం వచ్చినవాళ్లు కార్యక్రమాల నిర్వహణకో, విధానాల రూపకల్పనకో ఎదుగుతారు. కంగారు పడకండి, బతుకుతెరువుకు లోటుండదు. అయినా, ఇంత చదువుకున్న పిల్ల ఏం చేయాలో ఆలోచించుకుని చెబుతుంటే, మీ పరువు కోసం ఇంకో కోర్సు చదవమనడం ఏం న్యాయమండీ?

ఫీజు కట్టేముందు, ఆ కాలేజీలో ఫీల్డ్ వర్క్ ఎన్ని నెలలో, ఎవరి పర్యవేక్షణలో ఉంటుందో పాత విద్యార్థులను అడగమనండి. బ్యానర్ కట్టి ఫొటోలు దిగే ఒక్కరోజు క్యాంపులు లెక్కలోకి రావు.